కాటా మీద సింధు

కొత్తవలసలో రైలెక్కి విజయనగరంలో దిగిన రాజకుమారి, తిన్నగా కన్యాకుమారి మేడగది ఆఫీసుకు వచ్చి, కూర్చోకముందే బల్ల మీద స్టీలు గిన్నె పెట్టింది. మూత తియ్యగానే పులిసిన రాగి అంబలి వాసన గుప్పుమంది. నరసింగరావు కుర్చీ వెనక్కి లాక్కున్నాడు.

"నాలుగు రోజుల్నాటి సోడంబలమ్మా. పరీచ్చ సేయించండి. ఇందులో విషం ఉంటే నన్ను జైల్లో ఎయ్యండి. నేకపోతే నా పిల్లల్ని నాకుంచండి."

నరసింగరావు హెడ్ కానిస్టేబులుగా రిటైరై, ప్రైవేటు డిటెక్టివ్ కన్యాకుమారి దగ్గర సహాయకుడిగా చేరాడు. తను మూడుగంటలు అడిగినా రాని సంగతి ఆవిడ మూడు ప్రశ్నల్లో రాబట్టడం చూశాక, ఆ ఉద్యోగం మానాలని అతనికి ఎప్పుడూ అనిపించలేదు. ఆవిడ గిన్నె దగ్గరకు జరుపుకుని వాసన చూసింది.

"ఎవరు తాగారమ్మా ఇది?"

"నా పిల్లలిద్దరూ రోజూ తాగుతారు. ఆ రోజు సింధు కూడా అడిగి తాగింది. మా అక్క ఝాన్సీ కూతురు, నాలుగేళ్ల పిల్ల."

ఝాన్సీ ఆమె తోడికోడలు. రాజకుమారిది గరివిడి దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. మెట్టింది కొత్తవలస వ్యాపారస్తుల ఇంట్లో. ముందు పశువుల, కోళ్ల దాణా కొట్టు, వెనక కాపురం. సోమవారం సాయంత్రం ముగ్గురు పిల్లలకూ వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రాజకుమారి పిల్లలు రెండు రోజుల్లో లేచి తిరిగారు. సింధు మాత్రం విజయనగరం ఆసుపత్రిలో సెలైన్ మీద ఉంది. రాజకుమారే ఓర్వలేక అంబలిలో ఏదో కలిపిందని అత్త తాయారు ఇల్లెక్కి అరిచింది. వచ్చే ఆదివారానికి పెద్దల్ని పిలిచారు. పిల్లల్ని వదిలి ఒక్కతే పుట్టింటికి పోవాలి, లేదంటే పోలీసు కేసు పెడతామన్నారు.

"మీ ఆయన ఏమంటాడు?"

"అమ్మ మాటకి ఎదురు సెప్పడమ్మా. తల దించుకుంటాడు."

ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో డాక్టరు కాగితాలు ముందు పెట్టాడు. ముగ్గురు పిల్లల మలంలోనూ ఒకే వైరస్ దొరికింది. పేగులకు పట్టేది, పిల్లల్లో మామూలే.

"మరి ఈ పిల్లే ఎందుకిలా అయింది?" అంది కన్యాకుమారి.

"నాకూ అదే అర్థం కావడం లేదండీ. మన పేగుల్లో మేలు చేసే బ్యాక్టీరియా ఉంటుంది. మనం తిన్న పీచు తిని అది కొన్ని ఆమ్లాలు వదుల్తుంది. పేగు గోడకు అవే బలం. వైరస్‌ని అదుపులో పెట్టడంలోనూ వాటికి చెయ్యి ఉందని పరిశోధనలు జరుగుతున్నాయి, ఇంకా గట్టిగా చెప్పలేం. ఈ పిల్ల పేగుల్లో ఆ బ్యాక్టీరియా దాదాపు లేదు. నెలల తరబడి యాంటీబయాటిక్ వాడినట్టుంది. ఇంట్లోవాళ్లేమో ఒక్క మాత్ర కూడా వెయ్యలేదంటున్నారు."

శనివారం ఇద్దరూ కొత్తవలస వెళ్లారు. కొట్లో సింధు తండ్రి ధనరాజ్ ఒక రైతుకు పొట్లం ఇస్తూ, "లోపల నీలం సెంచా ఉంటాది. బకెట్టు నీళ్లకి ఒకటి. కోడిపిల్లలు నెల తిరక్కుండా బలుస్తాయి," అంటున్నాడు. గోదాము తలుపు మీద పెన్సిలు గీతల్లో అంకెలున్నాయి.

"మా అమ్మ రాసుకుంటాది," అన్నాడు ధనరాజ్. "శనివారం శనివారం సింధుని బస్తాల కాటా ఎక్కిస్తాది. పిల్ల బక్కదని ఆవిడకి బెంగ."

మొదట్లో అంకెలు కదలలేదు. రెండు నెలలుగా కొద్దికొద్దిగా పైకెక్కాయి. కన్యాకుమారి వాటిని చాలాసేపు చూసింది.

వంటింట్లో పనిమనిషి గురమ్మ గిన్నెలు తోముతోంది.

"సింధుకి పొద్దున్న ఎవరు పెడతారు గురమ్మా?"

"పెద్దమ్మగోరే. పాలల్లో మాల్టు కలిపి ఆరి సేత్తోనే పడతారు. ఇంకొకల్లని ముట్టనివ్వరు. ఎవలి దిష్టి తగుల్తాదనో ఏటో."

కన్యాకుమారి మాల్టు డబ్బా మూత తీసింది. పెద్ద చెంచా కింద పొడిలో ఒక చిన్న నీలం చెంచా కూరుకుని ఉంది. నరసింగరావు కూడా చూశాడు. ఇంట్లో రెండు చెంచాలుంటే ఏమిటి అనుకున్నాడు. ఆవిడ కాస్త పొడి కాగితంలో మడిచి తీసుకుంది.

ఆదివారం మధ్యాహ్నం హాల్లో చాపలు పరిచారు. ఇద్దరు కులపెద్దలు, తాయారు, ధనరాజ్, వాళ్లకెదురుగా కన్యాకుమారి, నరసింగరావు, గుమ్మంలో మొగుడి పక్కన రాజకుమారి. ఝాన్సీ ఆసుపత్రిలోనే ఉంది.

"డబ్బులిచ్చి తెచ్చుకున్న మనిషి దాని పక్కే సెప్తాది," అంది తాయారు. "కూలోళ్ల తిండి పెట్టి నా మనవరాల్ని పొట్టన పెట్టుకోబోయింది. ఇంకేటి కావాలి?"

"అంబలిలో విషం లేదు," అంది కన్యాకుమారి. "పరీక్ష కాగితం ఇదిగో. ముగ్గురికీ సోకింది ఒకటే వైరస్. అంబలి తాగే ఇద్దరూ తట్టుకున్నారు. పేగుల్ని కాపాడే సూక్ష్మజీవులు వాళ్లకున్నాయి, సింధుకి లేవు. వాటిని చంపే మందు రెండు నెలలుగా రోజూ ఆ పిల్ల కడుపులోకి వెళ్తోంది. కాటా మీద బరువు పెరగడం మొదలైందీ అప్పట్నించే. ఆ మందు ఈ ఇంటి కొట్లోనే అమ్ముతారు. కోడిపిల్లల నీళ్లలో కలిపే మందు. దాని నీలం చెంచా మీ మాల్టు డబ్బాలో ఉంది. పొడిలో ఆ మందే ఉందని ఈ పొద్దున్నే తేలింది."

ఒక పెద్దమనిషి తెలియకుండానే లేచి నిలబడ్డాడు.

"సింధుకి పాలు పట్టేది మీరొక్కరే తాయారుగారూ."

తాయారు అందర్నీ ఒకసారి చూసింది. "అది విషమా ఏటి?" అంది. "చిటికెడు మందుకి కోడిపిల్లలు ఎలాగ బలుస్తన్నాయో కళ్లారా సూసినాను. దీని పిల్లలు గుండ్రాళ్లలాగున్నారు. నా సింధు పుల్లలాగుంది. ఊళ్లో అందరూ అడుగుతుంటే... బలం వస్తాదనే ఏసినాను." ధనరాజ్ వైపు తిరిగింది. "ఇయ్యాల పాలు పట్టొచ్చని డాక్టరు సెప్పాడంటే, పొద్దున్నే ఫ్లాస్కులో పోసి పంపినాను. నీరసంగా ఉందని రెండు సెంచాలేసినాను."

కన్యాకుమారి ముఖంలో రంగు పోవడం నరసింగరావు మొదటిసారి చూశాడు. ఆవిడ కూడా ఇది ఊహించలేదు.

ఆ ఫ్లాస్కు తీసుకెళ్లి ఇచ్చింది ధనరాజే. రాజకుమారి అప్పటికే ఫోన్ కలిపింది. అవతల కట్ చేశారు. మళ్లీ కలిపింది. మళ్లీ కట్ చేశారు. మూడోసారి ఝాన్సీ గొంతు హాలంతా వినిపించింది.

"సిగ్గులేదటే నీకు? నా పిల్లని సంపబోయి ఫోన్ సేస్తన్నావా?"

"అక్కా, నన్నెన్ని తిట్లైనా తిట్టు. ఆ ఫ్లాస్కులో పాలు మాత్రం పట్టకు."

"అత్తమ్మ పంపిన పాలవి. వద్దనడానికి నువ్వెవత్తివి?"

రాజకుమారి నాలుగంగల్లో వెళ్లి ఫోన్ తాయారు నోటి దగ్గర పెట్టింది. తాయారు ఇటు పెద్దల్ని చూసింది, అటు కొడుకుల్ని చూసింది.

"సెప్పండత్తా," అంది రాజకుమారి. "తాగేస్తాది."

"ఝాన్సీ... ఆ పాలు పట్టకే. అందులో కోళ్ల మందుంది. రాజీ కాదు, నేనే ఏసినాను. రెండు నెల్లబట్టి నేనే ఏస్తన్నాను."

ఫోన్లో ఆసుపత్రి ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

"గ్లాసులో పోసినాను," అంది ఝాన్సీ. "ఇంకా పట్టలేదు."

తాయారు ఉన్నచోటే కూలబడింది.

"రాజీకియ్యండి."

రాజకుమారి ఫోన్ చెవికి ఆనించుకుంది.

"వస్తావా?" అంది ఝాన్సీ. "నాకు సేతులాడతల్లేదు. నువ్వొచ్చి పిల్ల దగ్గర కూకో."