రత్నాలమ్మ కల్వర్టు దగ్గర ఢిల్లీబాబు ఇంజను

బారువ తోవలో సరుగుడు తోటలు మొదలయ్యే చోట ఒక కల్వర్టు ఉంది. దాని మీద రాత్రిపూట బండి ఆపకూడదు. ఆపినా వెనక్కి తిరిగి చూడకూడదు. చూసినా... "ఎక్కు" అన్న మాట మాత్రం నోట్లోంచి రాకూడదు.

దాన్ని రత్నాలమ్మ కల్వర్టు అంటారు. రత్నాలమ్మ పలాసలో జీడి బట్టీలో పిక్కలు కొట్టే మనిషట. ఒక వానరాత్రి డ్యూటీకి పోదామని ఆ కల్వర్టు మీద నిలబడి, వచ్చిన ప్రతి బండికీ చెయ్యెత్తిందట. ఒక్కడూ ఆపలేదు. చివరికి ఒక లారీ ఆగింది — ఆమె మీద నుంచి వెళ్ళాక. అప్పటినుంచీ ఆ మనిషి డ్యూటీకి ఆలస్యమవుతూనే ఉంది.

పూర్వం మన పక్క దెయ్యాలు చుట్టకి నిప్పు అడిగేవి, తాంబూలానికి సున్నం అడిగేవి. ఇప్పుడు లిఫ్టు అడుగుతున్నాయి. బస్సులు సరిగ్గా తిరక్కపోతే వాటికి మాత్రం వేరే దారేముంది, పాపం!

ఈ సంగతి నాకు చెప్పింది మందస రోడ్డు మలుపులో టీ కాచే సోములు. సోములు అబద్ధం ఆడడు. కాకపోతే నిజాన్ని టీతో పాటు రెండుసార్లు మరిగిస్తాడు.

ఢిల్లీబాబుది పలాస దగ్గర ఊరు. జీడి ఫ్యాక్టరీలో పప్పు గ్రేడింగు చేస్తాడు. గుప్పెట్లోకి తీసుకుంటే చాలు, గుండు ఎంత, బద్ద ఎంత అని చెప్పేస్తాడు. అంతటితో ఆగుంటే ఈ కథే లేదు. ఫోన్లో వీడియోలు చూసి చూసి, తనలో ఒక మెకానిక్ నిద్రపోతున్నాడని కనిపెట్టాడు. నిద్రపోయేవాణ్ణి లేపకూడదని వాళ్ళమ్మ చిన్నప్పుడు చెప్పే ఉంటుంది, వింటేగా!

విశాఖపట్నం వెళ్ళి ఒక డర్ట్ బైకు కొనుక్కొచ్చాడు. ఎత్తుగా, బురదలో దూకే గుర్రంలా ఉంది. "ఇంజనొక్కటే బాగోలేదండి, మిగతాదంతా కొత్తదే" అన్నాడట అమ్మినవాడు. మనిషికి తలొక్కటే లేదు, మిగతాదంతా పుష్టిగా ఉంది అన్నట్టు.

తల కూడా దొరికింది. బారువలో ఎండుచేపలు అమ్ముకునే ఒకాయన పాత బండి ఇంజను. బండి తుక్కయిపోయినా ఇంజను గట్టిదే. వేడెక్కితే మాత్రం కవ్వళ్ళ ఎండుచేపలు కాలుస్తున్న వాసన వస్తుంది, అంతే.

ఆ ఇంజన్ని ఈ బండికి ఎక్కించడం ఇంట్లోనే మొదలైంది. బయట వాన. అందుకని వంటింటి దూలానికి కొబ్బరితాడు వేసి ఇంజను వేలాడదీశాడు. బండి ఫ్రేముకున్న కన్నాలకీ ఇంజనుకున్న కన్నాలకీ రెండు వేళ్ళ తేడా వచ్చింది. వాళ్ళమ్మ పేరు పెద్దతల్లి. ఆవిడ పడుకునే ఇనుప మంచం కోడు కోసి, దాంతో పట్టీలు చేసి బిగించాడు. ఆవిడ ఆ రాత్రి నుంచి నేల మీద పడుకుంది.

ఇంక బోల్టులు. ఏ బోల్టు ఎక్కడిదో కలిసిపోకూడదు కదా... వీడియోలో చెప్పాడు. ఢిల్లీబాబు చుట్టూ చూశాడు. ఇడ్లీ రేకులు కనబడ్డాయి. ఒక్కో గుంటలో ఒక్కో జత బోల్టులు పెడితే ఎంత ముచ్చటగా సరిపోయాయో! కింద పాత్రలో డీజిలు పోసి గేర్లు కడిగాడు.

పెళ్ళాం ప్రమోదిని మర్నాడు పొద్దున్న ఇడ్లీ పిండి గిన్నె పట్టుకుని వంటింట్లోకొచ్చింది. పాత్ర వైపు చూసింది. మొగుడి వైపు చూసింది. అరవలేదు. అక్కడే ఢిల్లీబాబుకి అర్థం కావలసింది.

"బావా, నాను మా అమ్మకాడికి పోతన్నాను" అంది నెమ్మదిగా. "ఆ బండి మీదే మా గుమ్మంలోకి రా. తోసుకుని కాదు, ఆటోలో ఏసుకుని కాదు. నడుపుకుని రా. వచ్చినావా, ఎనకాల కూకుని వచ్చేత్తాను. ఆదివారం తెల్లారేసరికి రానేదనుకో... నా ఐటీఐ సర్టిఫికెట్టు అట్టుకుని ఇసాపట్నం ఎల్లిపోతాను. నీకు ఆ ఇంజనే పెళ్ళాం."

ప్రమోదిని టెక్కలిలో ఎలక్ట్రికల్ చదివింది. ఆ ముక్క ఢిల్లీబాబు నలుగురిలో పొరపాటున కూడా అనడు.

మొదటి రెండు రోజులూ నవ్వుకున్నాడు. మూడో రోజు నవ్వు రాలేదు. సాయంత్రం ఇంటికొస్తే "ఏటి బావా, ఇంత లేటు" అనే గొంతు లేదు. ఇల్లంతా బోసిపోయింది. మనిషికి గుబులు పట్టుకుంది. వెనకాల కూర్చునేవాళ్ళకి కాళ్ళు పెట్టుకునే చోటు ఆ బండికి లేదని అప్పుడు చూసి, రెండు ఇనుప కడ్డీలు వెల్డింగు చేయించాడు. ప్రమోదిని కోసమే.

గురువారానికి ఇంజను కూర్చుంది. వైర్లు కలిపాడు. ఒక్క జాయింటు దగ్గర టేపు అయిపోయింది. రేపు చుడదాంలే అనుకున్నాడు. ఆ రేపు మనందరికీ తెలిసిన రేపే.

పెద్దతల్లి పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయా మిరపకాయలూ దారంతో గుచ్చి హ్యాండిలుకి కట్టింది. కిక్కు కొట్టాడు. ఇంజను భుగ్గుమంది. ఆ అదురుకి దారం పుటుక్కున తెగి నిమ్మకాయ కింద పడింది.

"ఓలమ్మో! అపశకునంరా నాయనా!" అందావిడ. "దారం పనికిరాదు. రాగితీగతో కట్టు."

కాలిపోయిన మోటారు చుట్టలోంచి తీగ లాగి, తెగకుండా మెలిపెట్టి కట్టాడు. ఇంజనీరు కదా.

పగలు బయల్దేరడానికి లేదు. కాగితాల్లో ఉన్న ఇంజను నంబరొకటి, బండిలో ఉన్న ఇంజను నంబరొకటి. పోలీసులు ఆపితే రెండో ఇంజనూ పోతుంది. అందుకని రాత్రి తొమ్మిది దాటాక బయల్దేరాడు. బ్యాటరీ లేదు... ఇంజను తిరిగితేనే లైటు.

మందస దాటాడు. సరుగుడు తోటలొచ్చాయి. కల్వర్టు అంచు ఎప్పటి తుఫానుకో కుంగిపోయి ఉంది. ముందు చక్రం అందులో ధన్‌మని దిగి ఎగిరింది —

టక్.

ఇంజను ఆగింది. లైటు ఆరింది. చీకటి.

కిక్కు కొట్టాడు. లేదు. మళ్ళీ కొట్టాడు... లేదు. సరుగుడు చెట్లు హోరుమంటున్నాయి. అత్తారి ఊరు ఆ తోవలోనే, ఇంకో అరకిలోమీటరు. కాని తోసుకుని రాకూడదన్నారు కదా పెళ్ళాంగారు! వెనక్కి తిప్పి, ఆ కుంగిన అంచు దాటించి, ఊరికే ఒక కిక్కు కొట్టాడు.

ఒక్క కిక్కుకే లేచింది.

ఢిల్లీబాబు ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. అటు పోనివ్వదు... ఇటైతే పోనిస్తుంది. ఇంటికొచ్చి "కార్బరేటర్లో చెత్త పడిందమ్మా" అన్నాడు. పెద్దతల్లి వాడి మొహం చూసి, ఇంకో నిమ్మకాయ తెచ్చింది. రాగితీగతోనే.

శుక్రవారం రెండు నిమ్మకాయలతో వెళ్ళాడు. కల్వర్టు. ధన్. టక్. వెనక్కి తోస్తే లేస్తుంది, ముందుకు తిప్పితే ఆగుతుంది. మూడుసార్లు చూశాడు. మూడుసార్లూ అంతే. దెయ్యాల్లేవని ఫ్యాక్టరీలో రోజూ ఉపన్యాసం ఇచ్చే మనిషి, ఆ రాత్రి ఇంటిదాకా ఆంజనేయ దండకం చదువుతూనే వచ్చాడు. సగం దండకమే వచ్చు. అదే తిప్పి తిప్పి చదివాడు.

శనివారం. ఆఖరి రాత్రి. మూడు నిమ్మకాయలు, డజను మిరపకాయలు. బండి ముందు భాగం కూరగాయల బండిలా ఉంది. తెల్లారితే ప్రమోదిని విశాఖ బస్సెక్కేస్తుంది. దింపుడు కళ్ళం ఆశతో బయల్దేరాడు.

కల్వర్టు వచ్చింది. నెమ్మది చేశాడు. కళ్ళు మూసుకున్నాడు —

ధన్.

టక్.

ఢిల్లీబాబుకి ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాడు. వేడెక్కిన ఇంజనులోంచి ఎండుచేపల వాసన కమ్ముకుంది. సరుగుడు చెట్ల హోరు ఒక్క క్షణం ఆగింది.

అప్పుడు వినబడింది. గల్... గల్... పట్టీల చప్పుడు.

తోటల వైపు నుంచి తెల్లగా ఏదో వస్తోంది. తలకాయ ఉండవలసిన చోట చిన్న వెలుగు. చంకలో గుండ్రంగా, మెరుస్తూ... ఏదో ఉంది. దగ్గరికొచ్చింది. వెనకాలే ఆగింది.

"ఆపేసినావేటి?" అంది గుసగుసగా.

ఢిల్లీబాబు వెనక్కి తిరగలేదు. చేతులు జోడించాడు.

"తల్లీ... రత్నాలమ్మా! నీకు లిఫ్టు ఇవ్వనోల్లందరూ ఎదవలు. నాను అలాంటోన్ని కాదు. ఎక్కు తల్లీ! ఎక్కడ దించమంటే అక్కడ దింపుతాను. పలాస బట్టీ గేటుకాడికే దింపుతాను. నన్ను మా ప్రమోదిని కాడికి ఒక్కసారి పోనీ సాలు..."

నెత్తి మీద ఠంగుమని తగిలింది. ఇడ్లీపాత్ర.

"ఎవుర్నెక్కించుకుంతన్నావు బావా?"

తిరిగి చూస్తే ప్రమోదిని. తెల్ల చున్నీ తల మీంచి కప్పుకుని, చేతిలో ఫోను లైటు, చంకలో వాళ్ళమ్మ కొనిచ్చిన కొత్త ఇడ్లీపాత్ర.

"నువ్వా! ఈ సీకట్లో ఎలా వచ్చినావు?"

"మూడు రాత్రులబట్టి నీ బండి సప్పుడు ఇంతన్నాను" అంది. "టకటకామని వత్తాది, ఆగిపోతాది, మళ్ళీ ఎల్లిపోతాది. గుమ్మంలో కూకుని సూత్తానే ఉన్నాను. గుమ్మందాకా రమ్మన్నాను కదా... ఇయ్యాల గుమ్మమే నీకాడికి వచ్చిందనుకో."

ఆవిడ లైటు బండి మీద వేసింది. ముక్కు మీద వేలేసుకుంది.

"ఇదేటి, సంతా? ఈ నిమ్మకాయలు రాగితీగతో కట్టిందెవరు?"

"అమ్మ... దారం తెగిపోతందని."

"ఈ జాయింటుకి టేపేదీ?"

"రేపు సుడదామని."

ప్రమోదిని గట్టిగా నిట్టూర్చింది. "ఇది ఇంజను ఆపే స్విచ్చి వైరు బావా. బండి ఇనుముకి తగిలితే ఇంజను ఆగిపోతాది. గోతిలో పడ్డప్పుడల్లా నిమ్మకాయ ఎగిరి, తీగ వచ్చి ఇందులో ఇరుక్కుంతంది. ఎనక్కి తోసినప్పుడు ఆ కుదుపుకే ఊడిపోతంది. దెయ్యం కాదు, నీ దిట్టి నిమ్మకాయే నీ బండిని ఆపేత్తంది!"

మూడు నిమ్మకాయలూ, డజను మిరపకాయలూ తెంపి కాలవలోకి విసిరేసింది. జాయింటుకి తన జడ రబ్బరు బాండు చుట్టింది. ఒక్క కిక్కు. భుగ్గుమంది.

అంతే సంగతి. కొండను తవ్వి ఎలకను పట్టడమంటే ఇదే.

ఇంటికి తిరిగారు. బండి కదలగానే ఢిల్లీబాబుకి పౌరుషం తిరిగొచ్చింది. "నాకు ముందే తెలుసు, వైరింగేనని. దెయ్యాలేటి, ఈ కాలంలో!"

"ఊఁ" అంది ప్రమోదిని.

మందస దగ్గరికొచ్చేసరికి బండి ఈడవడం మొదలెట్టింది. మూడో గేరు లాగట్లేదు. పాత ఇంజను కదా అనుకున్నాడు.

"కొంచెం ముందుకి జరుగు బావా. ఇరుగ్గా ఉంది."

జరిగాడు. నడుం చుట్టూ చేతులు బిగిశాయి. చల్లగా ఉన్నాయి. పాపం, చలేస్తున్నట్టుంది అనుకున్నాడు. మనసు నిండిపోయింది. కాని మరీ బిగుసుకున్నాయి.

"అంత గట్టిగా అట్టుకోకు... ఊపిరాడతనేదు."

"నానెక్కడ అట్టుకున్నాను? నా రెండు సేతులూ ఇడ్లీపాత్ర మీదున్నాయి."

ఆ తర్వాత ఇద్దరూ వెనక్కి చూడలేదు. పలాస పొలిమేరలో ఎప్పుడో మూతపడిన పాత జీడి బట్టీ ఉంది. తుప్పు పట్టిన గేటు, పైన రావిమొక్కలు. సరిగ్గా దాని ముందుకొచ్చేసరికి —

టక్.

గొయ్యి లేదు. నిమ్మకాయ లేదు. జాయింటు మీద రబ్బరు బాండు చెక్కుచెదరలేదు. వెనక స్ప్రింగు మాత్రం ఒక మనిషి దిగినట్టు మెల్లగా పైకి లేచింది.

గేటు కిర్రుమంది. చెవి పక్కనే ఒక ముసలి గొంతు, ఎంతో ఆప్యాయంగా...

"పొద్దున్న ఆరింటికి డ్యూటీ దిగుతాను బాబూ. దింపుతానన్నావు కదా... వత్తావు కదూ?"