ఆకు అర్రల గొంతు

…గదే అక్కా, ఇన్ని దినాలు చెప్పనందుకు ఏమనుకోకు. చెప్పబోతే సిగ్గు అడ్డమొస్తుండె. ఆ దినం చాయ్ గిలాసలు పట్టుకొని, గా అబద్ధంల నేను గూడ నిలవడితి కదా.

మా పక్కింటి రాజారాం ఎరికేనాయె, బోధన్ల. ఆయన భార్య సౌందర్య బీడీలు చేస్తది. నిరుడు ఆమెకు చెవుల ఎవరో మాట్లాడుతున్నట్టు మొదలైంది. నిద్ర లేదు, తిండి లేదు. నిజామాబాద్ల డాక్టరమ్మ నిమ్మళంగ చెప్పింది. "గాలి గాదు, దయ్యం గాదు. మెదడుకొచ్చే బీమారి. కొందరికి వంశంల ఉంటది, కొందరికి నిద్రలేక, దిగులుతోని బయటవడ్తది. షుగర్‌కు గోలీ ఏసుకున్నట్టే ఇది గూడ. నేను చెప్పేదాక ఆపొద్దు." నాలుగు నెలలల్ల సౌందర్య మళ్ల నవ్వింది.

గప్పుడే రాజారాం చెల్లె వర్షను పెండ్లికి సూడనీకి వర్ని ఊరి నుంచి పిలగానోళ్లు వస్తమన్నరు. గోలీలు కండ్లవడితే పిచ్చోళ్ల ఇల్లంటరని రాజారాం భయం. వాటిని చక్కెర డబ్బల దాచిండు. "మంచిగనే ఉన్నవ్ గద, ఇగ బంద్ చెయ్" అన్నడు. పది దినాలకే ఆమె గోడ దిక్కు తిరిగి గుసగుసలు.

సుట్టాలొచ్చే పూట ఆమెను బీడీ ఆకు పెట్టే గదిల, గా ఆకు అర్రల కూసోవెట్టి బయట గొళ్లెం పెట్టిండు. పెట్టేటప్పుడు ఆమె మొఖం సూడలే.

నడి మధ్యాహ్నం. సుట్టాలకు నేనే చాయ్ ఇస్తున్న. తడి గోనెసంచుల కింద తునికాకు వాసన ఇల్లంత నిండింది. లోపట కత్తెర ఆకు కోస్తుంది. కిర్… కిర్…

"లోపట ఎవరు బిడ్డా?" పిలగాని తల్లి దేవవ్వ అడిగింది.

రాజారాం చెవులు కాలినయ్. తల వంచుకొని, "ఎవ్వల్లేరు" అన్నడు.

కత్తెర ఆగింది.

తలుపెనుక నుంచి… మెల్లగ… "ఎవ్వల్లేరు."

ఆడగొంతు గాదక్కా. రాజారాం గొంతే. ఆయన నోరేమో మూసే ఉన్నది.

సుట్టాలు చాయ్ సగంల ఇడిసి లేసిపోయిండ్రు. రాజారాం గొళ్లెం తీసిండు. సౌందర్య తల ఎత్తి చూసింది.

"బయటి నుంచి ఎట్లొస్తున్నవ్? పొద్దటి సంది నా పక్కన్నే కూసున్నవ్ గద…"

ఆమె చాట పక్కన ఒక కట్ట బీడీలున్నయ్. దారం ఎడమచేతి ముడి. సౌందర్యది కుడిచేతి వాటం. ఎడమచేతి వాటం రాజారాంది…

ఆమె కాళ్లు పట్టుకొని ఏడ్చిండు. గప్పటికప్పుడు బస్సెక్కించి తీస్కపోయిండు. డాక్టరమ్మ ఒక్క మాట తిట్టకపాయె. గందుకే ఎక్కువ సిగ్గైందన్నడు. ఇప్పుడు సౌందర్య మంచిగుంది, అందరి ముందట్నే గోలీ ఏసుకుంటది. చెవుల మాటలు పోయినయ్.

ఆకు అర్ర ఖాళీ చేసి తాళం ఏసిండ్రు. ఇయ్యాల ఇద్దరు నిజామాబాద్ దవఖానకు పోయిండ్రు. కోళ్లకు గింజలేసి, వాళ్ల వాకిట్లనే కూసొని ఫోన్ల నీకు చెప్తున్న. ఆకు అర్ర తాళంచెవి గూడ నా కొంగునే…

ఆఁ, వస్తున్న! జర ఆగక్కా, రాజారాం పిలుస్తుండు… చాయ్ తెమ్మంటుండు… ఆకు అర్ర లోపటి నుంచి…