ఊపిరిదీపం

2081 నాటికి వానలకు నెలలతో పని లేకుండా పోయింది. మాఘంలోనూ కురుస్తాయి, నడి ఎండాకాలంలోనూ కురుస్తాయి. చలిదేశాల్లో ఫ్లూ చలితో వస్తే, మన ఉక్క ఊళ్లలో వాన వెంట వస్తుంది కదా, ఇప్పుడు అదీ ఎప్పుడు పడితే అప్పుడు దిగబడుతోంది.

అందుకే కాకినాడ శాస్త్రవేత్త హైమవతి 'ఊపిరిదీపం' కనిపెట్టింది. గుమ్మం పైన చిన్న పెట్టె. అందులోని సెన్సర్ ఇంటి గాలిలో వైరస్‌ను పసిగట్టగానే బయట నారింజ రంగు దీపం వెలుగుతుంది. లోపల జబ్బు ఉంది, ఎవరూ రావద్దని దానర్థం. లోకం కోసమని అందరికీ చెప్పింది గానీ, అసలు సంగతి సత్తిరాజు బాబాయి. తనను పెంచి పెద్దచేసిన మనిషి. కిందటి వానల్లో న్యుమోనియాతో చావు తప్పి బయటపడ్డాడు. ఇంకోసారి వస్తే తట్టుకోలేడని డాక్టర్లు చెప్పేశారు.

ముందు తమ వీధిలోనే దీపాలు బిగించింది. వాన పడింది. ముందు నాలుగిళ్ల అవతలి మంగతాయారు ఇంటి దీపం వెలిగింది. నాలుగు రోజుల్లో సగం వీధి నారింజ రంగే.

"ఎక్కడ తప్పింది?" అని తన యంత్రం మేధను అడిగింది హైమ.

"సెన్సర్ తప్పలేదు. దీపం వెలిగిన ప్రతి ఇంటికీ జనం వెళ్లారు, మిరియాల చారు పట్టుకుని. దీపాలు లేని పక్క వీధిలో ఇంత జబ్బు లేదు."

ఒంట్లో బాగోలేదని తెలిశాక పరామర్శకు వెళ్లకుండా ఎలా ఉంటారు మరి? ఈ మహాతల్లి దీపం పెట్టి మరీ చెప్పింది.

హైమ కిటికీలోంచి చూసింది. ఇన్నాళ్లూ ఇంట్లో కూర్చోబెడితే కూర్చున్న బాబాయి, గొడుగేసుకుని క్యారేజీతో మంగతాయారు ఇంటికి పోతున్నాడు. వానలోనే పరిగెత్తి గేటు దగ్గర పట్టుకుంది.

"లోపలికి వెళ్లకు బాబాయ్."

"ఒంటరి మనిషే తల్లీ, పాపం."

"నువ్వు పోతే నేను ఒంటరిదాన్ని కానా?" అంది హైమ. ఏడుపు ఆగలేదు.

బాబాయి గేటు వదిలి వెనక్కి తగ్గాడు. తర్వాత గోడకు ఆనించి ఉన్న, మామిడికాయలు కోసే దోటి తీసుకుని, దాని కొక్కేనికి క్యారేజీ తగిలించి కిటికీ దాకా చాపాడు. మంగతాయారు నవ్వుతూ అందుకుంది.

మర్నాటి నుంచీ వీధిలో అందరి చేతుల్లోనూ దోటులే. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి, మంగతాయారు ఇంటిది తప్ప.

"ఆ ఇంటి గాలి ఎప్పుడో శుభ్రమైంది," అంది మేధ. "దీపం ఆరకుండా దాని వైరును ఎవరో లోపలినుంచే నేరుగా కరెంటుకు కలిపేశారు. బాగుచేయడానికి మనిషిని పంపనా?"

వీధిలో బాబాయి దోటి భుజాన వేసుకుని అప్పుడే బయల్దేరుతున్నాడు.

"వద్దులే," అని హైమ తలుపు తీసింది. "బాబాయ్, ఆ దోటి ఇక్కడే పెట్టేసి, ఈసారి ఆవిడ ఇంటి లోపలికే వెళ్లు. కాసేపు కూర్చుని రా."