చుట్టపుచూపు ఊరు

తెల్లవారకముందే వంతెన మెట్ల మీద సూట్‌కేసుల చక్రాలు టకటకమంటూ మొదలయ్యాయి. వెనిస్‌లో ఈ పేటవాళ్ళకి ఈ మధ్య మెలకువ వచ్చేది ఆ చప్పుడుకే. ఎల్డా కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టి, కిటికీ రెక్క తీసి కిందికి చూసి మూతి ముడుచుకుంది.

"వచ్చేశారమ్మా ఫొరెస్తి! ఇంకా వెలుగైనా రాలేదు. మన గుమ్మం ఫొటో తియ్యకపోతే వీళ్ళకి పొద్దు గడవదు కాబోలు."

ఫొరెస్తి అంటే బయటివాళ్ళు. ఎల్డా లెక్కలో లోకంలో ఉన్నవి రెండే జాతులు, వెనిస్‌వాళ్ళూ, ఫొరెస్తీ. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక ఈ పేట వదిలి ఉన్నది లేదు. భర్త పోయినా వదల్లేదు, చుట్టుపక్కలవాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళు అమ్ముకుని వెళ్ళిపోయినా వదల్లేదు. కోడలు ఒర్నెల్లా అవతలి గట్టున మెస్త్రేలో, కార్లు తిరిగే ఊళ్ళో పుట్టింది. పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఆమెను ఎల్డా ఏ జాతిలో వేసుకుందో గట్టిగా చెప్పలేం.

ఒర్నెల్లా, ఆమె భర్త దనీలో, ఎనిమిదేళ్ళ కూతురు వియోలా నిన్న రాత్రే కోపెన్‌హాగెన్ నుంచి తిరిగొచ్చారు. పడవల ఇంజన్లు బాగుచేసే దనీలోకి అక్కడి పడవల కార్ఖానాలో పని ఇస్తామన్నారు. ఊరు చూసి రమ్మని వాళ్ళే టిక్కెట్లు పంపారు. వస్తాడో రాడో ఈ శుక్రవారంలోగా చెప్పాలి. దనీలో మొదట్నుంచీ ఒకటే మాట మీద ఉన్నాడు, అమ్మ వస్తేనే వెళ్దాం, రానంటే ఎవరం కదలొద్దు. ఇక ఎల్డా ఏమంటుందో అన్నదే మిగిలింది.

"ఏం చూశారు అక్కడ?" అంది ఎల్డా, కప్పులు సర్దుతూ, అడక్కపోతే బాగుండదన్నట్టు.

ఒర్నెల్లా మొహం వెలిగిపోయింది. "ఏం చెప్పమంటారు అత్తయ్యా! ఎటు చూసినా పిల్లలే. బడి వదిలితే చీమల బారులా వస్తున్నారు, ఎవరి సైకిల్ మీద వాళ్ళు. ఇంటి ముందు తోట, పక్కనే వైద్యుడు, కిందికి దిగితే రొట్టెల కొట్టు. అక్కడి కాలవలో జనం ఈత కొడుతున్నారంటే నమ్ముతారా?"

"మన కాలవలో కూడా మొన్న ఒకడు దూకాడుగా, పోలీసులు పట్టుకెళ్ళారు," అంది ఎల్డా. "వాన పడలేదూ?"

"పడిందనుకోండి..."

"రోజూనా?"

"రోజూ అంటే, సన్నగా."

"చుట్టపుచూపుగా వెళ్తే ఏ ఊరు బాగుండదే అమ్మాయ్? కిందికెళ్ళి ఆ ఫొటోలు తీసుకునేవాళ్ళని అడుగు. ఇక్కడ ఉండేవాళ్ళెంత అదృష్టవంతులో అని నోరు తెరుస్తారు. రొట్టె ముక్క కోసం నేను రెండు వంతెనలెక్కి దిగుతున్నానని వాళ్ళకేం తెలుసు? మోకాళ్ళు అరిగిపోతున్నాయని తెలుసా? మన రొట్టెల కొట్టులో ఇప్పుడు మొహాలకి తగిలించుకునే బొమ్మ ముసుగులు అమ్ముతున్నారు. తింటావా ముసుగులు?"

"నేను చెప్పేదీ అదే కదా అత్తయ్యా! చూడ్డానికొచ్చినవాళ్ళకి తప్ప ఉండేవాళ్ళకి ఇక్కడ ఏముంది?"

తన మాటే తనకి అడ్డం తిరిగేసరికి ఎల్డాకి ఒళ్ళు మండింది. "నేనున్నాను," అంది.

అప్పుడే వియోలా కళ్ళు నులుముకుంటూ వచ్చి నానమ్మ ఒళ్ళో కూలబడింది. నిద్రలో లాగు పైకి ముడుచుకుపోయింది. తొడ పక్కన అరచేయంత మేర కమిలి నల్లబడి ఉంది.

"ఏమిటే ఇది?"

"సైకిల్ గుద్దింది నానమ్మా. రెండు పల్టీలు కొట్టాను. నీకు చెప్పొద్దంది అమ్మ."

గిన్నెలో కాఫీ బుసబుసా పొంగి పొయ్యి మీద పడింది. దనీలో లేచి పొయ్యి ఆర్పాడు.

"అంత పెద్ద దెబ్బేం కాదమ్మా," అన్నాడు తల్లి వైపు చూడకుండా. "హోటలు గుమ్మంలోంచి మన సందులోకి దిగినట్టే దిగిపోయింది. ఇటూ అటూ చూడలేదు. మన పిల్లలకి చూసే అలవాటేదీ? అక్కడ సైకిళ్ళ దారి విడిగా ఉంటుందని చెప్పేలోపే అయిపోయింది. ఆ సైకిల్ పిల్ల ఏడ్చేసింది పాపం."

"పాపమా? దానికా పాపం?" ఎల్డా గొంతు లేచింది. "రోడ్డంటే ఏమిటో తెలియని పిల్లరా ఇది! మన పిల్లలు గుమ్మం దాటితే ఊరంతా వాళ్ళదే. ఎవరూ గుద్దరు, ఎవరూ హారన్ కొట్టరు. నువ్వూ అలాగే పెరిగావు. దీన్ని తీసుకెళ్ళి బళ్ళ మధ్య పడేస్తారా? పైగా నా దగ్గర దాస్తారా? ఒర్నెల్లా, నువ్వు కార్ల ఊళ్ళో పుట్టినదానివి, నీకైనా ఉండొద్దూ?"

ఒర్నెల్లా కప్పు బల్ల మీద పెట్టింది.

"అవునత్తయ్యా, దాచాను. దాచకపోతే ఇదిగో, ఇలా అంటారనే దాచాను. ఇక్కడ ఏ బండీ గుద్దదు, నిజమే. పరిగెత్తితే తగలడానికి పక్కన ఇంకో పిల్లయినా ఉందా? ఈ మెట్ల మీద నాలుగు వాటాలుంటే మూడింటికి టూరిస్టుల కోసం తాళాల పెట్టెలు వేలాడుతున్నాయి. వచ్చే ఏడాది బళ్ళో వియోలా తరగతే ఎత్తేస్తున్నారు. ఇది ఊరా? టిక్కెట్ పెట్టిన ప్రదర్శనశాల! మీ పంతం కోసం నా కూతురు ఇందులో బొమ్మలా నిలబడాలా?"

"ఒర్నెల్లా!" అన్నాడు దనీలో.

"చెప్పనీరా," అంది ఎల్డా. ఆవిడ గొంతు ఒక్కసారి తగ్గిపోయింది. "నేనొచ్చి అక్కడేం చెయ్యను? కిటికీలోంచి వాన చూడనా? ఇక్కడ చేపలవాడు నా అడుగుల చప్పుడు వినే ఏం కావాలో తీసి పెడతాడు. ఇక్కడ నేను ఎల్డాని. అక్కడ నేనెవర్ని? ఫొరెస్తాని, బయటిదాన్ని."

"పన్నెండేళ్ళ నుంచీ మీ ఇంట్లో నేనెవర్ని మరి?"

ఆ మాట ఒర్నెల్లా అనాలనుకుని అన్నది కాదు. ఎల్డా వియోలాని దింపి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. దనీలో కోటు తొడుక్కున్నాడు.

"నేను రానని చెప్పేస్తాను. ఇంకెవరూ ఈ మాట ఎత్తకండి," అని మెట్లు దిగిపోయాడు.

మధ్యాహ్నం దాటాక కాస్త ఎండ వచ్చింది. ఒర్నెల్లా కిటికీకి కట్టిన తీగ మీద బట్టలు ఆరేస్తోంది. కళ్ళు వాచి ఉన్నాయి. ప్రయాణం బట్టలు ఒక్కొక్కటే తీగ మీద జరుగుతుంటే ఇంక వీటితో పని లేదనిపించింది. కింద చౌకులో పాత బావి గట్టు మీద ఎల్డా కూర్చుని ఉంది. మనవరాలిని ఒంటరిగా వదలడం ఇష్టం లేక వచ్చిందే గానీ, మొహం ఇంకా మాడ్చుకునే ఉంది.

వియోలా గోడకేసి బంతి తన్నుకుంటోంది. దారిన పోయే ఒక కుటుంబంలోంచి పసుపు వానకోటు పిల్ల ఒకతె వచ్చి బంతిని ఎదురు తన్నింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా అరుపులతో, నవ్వులతో చౌకు మారుమోగిపోయింది. ఎల్డా మొహం కూడా కొంచెం విడింది. ఇంతలో వాళ్ళ నాన్న కేకేశాడు. పసుపు కోటు పిల్ల చెయ్యి ఊపి సందు మలుపు తిరిగింది. వియోలా బంతి పట్టుకుని వచ్చి నానమ్మ పక్కన కూర్చుంది.

"బాగా ఆడిందే ఆ పిల్ల. పేరేమిటి?" అంది ఎల్డా.

"తెలీదు."

"అడగొద్దూ? అంతసేపు ఆడారుగా."

"నేనెవర్నీ పేరు అడగను నానమ్మా. మళ్ళీ రారు కదా."

వియోలా ఏడుస్తూ అనలేదు. బూటు తాడు ఊడిందన్నంత మామూలుగా అంది. పైన ఒర్నెల్లా చేతిలో తడి చొక్కా అలాగే ఉండిపోయింది.

ఎల్డా తలెత్తి చుట్టూ కిటికీల వంక చూసింది. దనీలో చిన్నప్పుడు చీకటి పడితే ఈ కిటికీలన్నిట్లోంచీ తల్లులు కేకలేసేవాళ్ళు, ఎవరి పిల్లల పేర్లు వాళ్ళు. ఎవరి కేక ఏ ఇంటిదో ఎల్డా కళ్ళు మూసుకుని చెప్పేది. ఇప్పుడు రెక్కలన్నీ మూసి ఉన్నాయి. ఎల్డా వంగి మనవరాలి బూటు తాడు ముడేసింది. ఊడకపోయినా విప్పి మళ్ళీ ముడేసింది.

మర్నాడు ఊరంతా పొగమంచు కమ్మేసింది. ఒర్నెల్లా లేచేసరికి దనీలో పనికి వెళ్ళిపోయాడు. వంటింట్లో పొయ్యి వెలిగించలేదు, అత్తగారి గది తలుపు బార్లా తెరిచి ఉంది. ఆ వయసు మనిషి కాఫీ కూడా తాగకుండా ఎక్కడికి పోయిందో అని ఒర్నెల్లాకి ఒళ్ళు జల్లుమంది. అంతలో కింది నుంచి వియోలా గొంతు వినిపించింది.

"అబ్బా, అలా కాదు! ముందు ఎడమ వైపు, నానమ్మా!"

ఒర్నెల్లా కిటికీలోంచి వంగి చూసింది. చౌకు రాళ్ళ మీద సుద్దముక్కతో ఈ చివర్నుంచి ఆ చివరికి రెండు గీతలు గీసి ఉన్నాయి. గీత అంచున ఎల్డా, చర్చికి వేసుకునే నల్లకోటులో, చేతిసంచీ పొట్టకి అదుముకుని నిలబడి ఉంది. దూరంగా వియోలా నానమ్మ సరుకుల చక్రాలబండి పట్టుకుని కాచుకుని ఉంది. ఎల్డా ఎడమకి చూసింది. అటు చర్చి గోడ. కుడికి చూసింది. అటు కాలవ. అడుగు ముందుకేసింది. వియోలా "ట్రింగ్ ట్రింగ్" అంటూ దూసుకొచ్చి ఆవిడ మోకాలికి బండి తగిలించింది.

"చచ్చిపోయావు నానమ్మా!"

"చచ్చానులే. మళ్ళీ మొదలుపెట్టు."

వంతెన మీద ఆగిన ఫొరెస్తి నలుగురు నవ్వుతూ ఫొటోలు తీస్తున్నారు. మామూలుగా అయితే ఎల్డా వాళ్ళ తాతలదాకా వెళ్ళి తిట్టేది. ఇవాళ అటు తలైనా తిప్పలేదు.

ఒర్నెల్లా ఇంటి చెప్పులతోనే మెట్లు దిగి పరిగెత్తింది. "అత్తయ్యా, ఏమిటిది? ఈ చలిలో..."

"మాట్లాడించకు. ఎటు ముందు చూడాలో మర్చిపోతున్నాను."

"అత్తయ్యా!"

ఎల్డా నిట్టూర్చి చేతిసంచీ దించింది. "దనీలోకి ఫోన్ చెయ్యి. రానని చెప్పేశాడేమో కనుక్కో. చెప్పి ఉంటే బుద్ధి గడ్డి తిన్నదని చెప్పి మళ్ళీ అడగమను. అందరం వస్తామని చెప్పమను."

ఒర్నెల్లాకి ఏడుపు ఆగలేదు. కోరుకున్నదే చేతికొచ్చింది, తీరా వచ్చాక పట్టుకోవడానికి చెయ్యి రావడం లేదు. "వద్దు. మీరీ ఊరు వదిలి ఉండలేరు."

"ఉండగలనని నేనెప్పుడన్నాను? ఉండలేను. కానీ ఇది పేరు అడగడం మానేసిందే, ఒర్నెల్లా! ఎనిమిదేళ్ళ పిల్ల!" ఎల్డా కోటు చేత్తో మొహం తుడుచుకుంది. "నేను పట్టుకు వేలాడుతున్నది ఊరనుకున్నాను. తలుపులన్నీ మూసేసుకున్నాక ఊరేమిటి, నా మొహం."

"సెలవులకి తీసుకొస్తాం. ప్రతి ఏడూ తీసుకొస్తాం, ఒట్టు."

"తీసుకురా. చుట్టపుచూపుగా వస్తే ఈ ఊరు చాలా బాగుంటుందటగా. నేనూ చూస్తాను." నవ్వబోయింది, చేతకాలేదు. వంతెన మీద వాళ్ళింకా ఫొటోలు తీస్తూనే ఉన్నారు. వచ్చే ఏడు ఆ వంతెన మీద సూట్‌కేసు ఈడ్చుకుంటూ తన అత్తగారు నడవడం ఒర్నెల్లా కళ్ళకి కట్టింది. తను అడిగింది ఎంతటిదో అప్పుడు తెలిసొచ్చింది. ఆవిడ భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. అన్నేళ్ళలో ఆ భుజాన్ని ముట్టుకోవడం అదే మొదలు.

"ఊరుకో, పిల్ల చూస్తోంది," అంది ఎల్డా, ఆమె వీపు నిమురుతూ. "నిన్న నువ్వన్నమాట రాత్రంతా నిద్రపోనివ్వలేదే. నా ఇంట్లో పన్నెండేళ్ళు ఫొరెస్తాగా బతికావు. ఎలా ఉండాలో నాకూ నేర్పు."

"అమ్మా, అడ్డు తప్పుకో! ఆట చెడగొట్టకు," అని వియోలా అవతలి నుంచి అరిచింది.

ఒర్నెల్లా అత్తగారి చెయ్యి పట్టుకుని గీత అంచున నిలబడింది. ఇద్దరూ ఎడమకి చూశారు, కుడికి చూశారు. మంచులో ఏమీ రావడం లేదు. "ఇప్పుడు దాటొచ్చా?" అంది ఎల్డా.

"దాటొచ్చు అత్తయ్యా," అంది ఒర్నెల్లా.