మూడో ట్యాంకు చుట్టూ మట్టి

“మీ అన్నయ్య దొరకొచ్చు,” అన్నాడు చీఫ్.

ఉడుము టీ కప్పు కింద పెట్టాడు. పట్టుకుంటే వదలడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు అది. పదకొండేళ్ళుగా అతను వదలనిది ఒకటే ప్రశ్న: విదేశీ ముఠాకి అమ్ముడుపోయిన మన ఏజెంట్ ఎవరు? అదెవరో రుజువు సంపాదించిన రోజే, ఇదే శాఖలో ఏజెంటైన అన్నయ్య మాయమయ్యాడు. ఫైల్లో ‘ద్రోహి’ అని రాసేశారు. “మీ అన్నయ్య అలాంటివాడా?” అని వదిన ఒక్కసారే అడిగింది. రుజువు లేకుండా ఏం చెప్పాలో తెలియక అతను ఆ ఇంటికి వెళ్ళడమే మానేశాడు.

“ముఠా నడిపిన పెట్రోల్ బంక్ మీద కోర్టు కేసు ఇన్నాళ్ళకి తేలింది. రేపు భూమిలోని ట్యాంకులు తీస్తున్నారు. ప్లాన్‌లో రెండే ఉన్నాయి. మీ అన్న ఆఖరి మెసేజ్ ‘మూడో ట్యాంకు’. మట్టి పరీక్ష చేసేవాడిగా వెళ్ళు. లాబ్ మనిషి వేషంలో మన ఏజెంటే ఒకావిడ వస్తుంది. ‘వాన వచ్చేలా ఉంది’ అంటుంది.”

“నేనేమనాలి?”

“‘గొడుగు ఎండకి తెచ్చాను’ అను.”

పొద్దున్నే ఆమె వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, బురద అంటని తెల్ల బూట్లు. వాన, గొడుగు అన్నీ సరిగ్గా అప్పజెప్పింది.

రెండు ట్యాంకులు తుప్పుపట్టి పైకొచ్చాయి. కింద మట్టి నల్లగా, ముక్కు పగిలే వాసన. ఆమె ఒక సీసాలో సగం మట్టి వేసి మూత బిగించింది.

ఉడుము ఆ సగం సీసా వైపే చూశాడు. ఇదే వేషంలో తిరిగిన అన్నయ్య అతనికి మొదట నేర్పింది సీసా నింపడమే: ‘అంచుదాకా నింపరా. ఖాళీ ఉంచితే ఆవిరి అక్కడ చేరుతుంది. మూత తీయగానే సాక్ష్యం ఎగిరిపోతుంది.’

“లాబ్ పని ఎన్నాళ్ళుగా?”

“ఎనిమిదేళ్ళు,” నవ్విందామె. ఎనిమిదేళ్ళు చేసినవాళ్ళెవరూ సీసా సగమే నింపరు.

అంతలో జేసీబీ తొట్టి దేనికో తగిలింది. టంగ్. టంగ్.

అన్నయ్య ఎప్పుడూ తలుపు రెండుసార్లే కొట్టేవాడు. ఉడుము గోతిలోకి దిగాడు.

బయటపడ్డ మూడో ట్యాంకు పక్క మట్టికి, పెట్రోల్ ఆవిరినీ ఆక్సిజన్‌నీ కొలిచే మీటర్ పెట్టాడు. సున్నా. ట్యాంకు గాలిగొట్టం దగ్గర పెట్టాడు. మీటర్ కీచుమంది. మట్టిలో చుక్క లేదు, లోపల మాత్రం పెట్రోల్. అంటే ఇది ఏనాడూ పెట్రోల్ ట్యాంకు కాదు, ముఠా రహస్యాలు దాచుకునే గది. రుజువు తగలబెట్టడానికి ఎవరో ఈమధ్యే గొట్టంలోంచి పెట్రోల్ పోశారు. ఆమె గేటు దగ్గర ఫోన్‌లో ఉంది.

“మేస్త్రీ, డ్రై ఐస్ ఉందా?”

“అది లేకుండా నేను ఏ ట్యాంకూ తెరవను సార్. ఖాళీ ట్యాంకులో చేరిన ఆవిరే కొంప ముంచుతుంది. ఈ కార్బన్ డయాక్సైడ్ గడ్డలు వేస్తే పొగై లోపలి గాలినంతా బయటికి నెడతాయి. గాలి లేకపోతే నిప్పేం చేస్తుంది?”

గొట్టంలోంచి డ్రై ఐస్ వేసి, మీటర్‌లో ఆక్సిజన్ పడిపోయాక మేస్త్రీ మూత బోల్టులు విప్పాడు.

“దూరంగా నిలబడ్డారేం మేడమ్?” అన్నాడు ఉడుము.

ఆమె లిప్‌స్టిక్ తీసింది. “పాపం. అన్నదమ్ములిద్దరికీ ఒకే గొయ్యి.”

తిప్పింది. అది రిమోట్; ట్యాంకులో ‘టిక్’ అని చిన్న మెరుపు. అంతే. తెల్లటి పొగ మూత అంచు మీద నుంచి నెమ్మదిగా జారింది. మళ్ళీ తిప్పింది. టిక్. ఆమె కారు వైపు పరిగెత్తింది. జేసీబీ డ్రైవర్ తొట్టిని గేటుకి అడ్డంగా దించేశాడు.

ఉడుము టార్చ్ వేశాడు. ముందు బూట్లు కనిపించాయి. తర్వాత వదిన అల్లిన మఫ్లర్. ఎముకల మధ్య ఒక సీసా, అంచుదాకా మట్టి. మేస్త్రీ కొక్కెంతో దాన్ని పైకి లాగాడు; ఆ మట్టిలో ఫిల్మ్ చుట్ట భద్రంగా ఉంది. వెలుతురుకి పట్టి చూస్తే, అందులో ముఠా నాయకుడి పక్కన నవ్వుతూ అవే నల్ల కళ్ళద్దాల ఆమె.

అతను ట్యాంకుని రెండుసార్లు తట్టాడు. “అన్నయ్యా, నేనేరా,” అని ఏడ్చేశాడు.

సాయంత్రం చీఫ్ ఫైల్లో ‘ద్రోహి’ కొట్టేశాడు. “డ్యూటీ ముగిసిన తేదీ?”

“ఇవాళే వెయ్యండి సార్, రుజువు ఇవాళే అందించాడుగా,” అన్నాడు ఉడుము, వదిన ఇంటికి బయల్దేరుతూ. “మా ఇంట్లో ఆలస్యానికి వాడు పెట్టింది పేరు.”