బోలు దిమ్మ

"మన ఏజెంట్ తాతబ్బాయిని చంపేశారు. అనకాపల్లి స్టేషన్లో, పొద్దున్న ఆరింటికి," ఫోన్లో చీఫ్ ఫణీంద్ర గొంతు. "చచ్చేముందు ఒక్క మెసేజ్ పంపగలిగాడు. మెమరీ కార్డు బెల్లం దిమ్మలో ఉంది. పదిన్నరకి బెల్లం మార్కెట్లో చేతులు మారుతుంది."

ఏజెంట్ గంగాభవాని గడియారం చూసుకుంది. విశాఖలో కట్టిన కొత్త యుద్ధనౌక ఇంజన్ చప్పుడు రికార్డింగ్ ఆ కార్డులో ఉంది. అది విదేశీ ముఠాకి అందితే, నడిసముద్రంలో ఓడని చెవితో పట్టి పేల్చేస్తారు. ఆ ఇంజన్ రూములోనే ఆమె తమ్ముడు శంకర్ డ్యూటీ.

పదింటికి ఆమె మిఠాయికొట్టు యజమానురాలి వేషంలో మార్కెట్లో దిగింది. పక్కన చెల్లెలి వేషంలో ఏజెంట్ దేవిశ్రీ. పట్టుచీర, నల్లకళ్ళద్దాలు. ఆమె నవ్వితే వర్తకులు వేలంపాట మర్చిపోతున్నారు.

"స్కానర్ ఏటంటందే?" దేవిశ్రీ చేతిసంచిలోకి తొంగిచూస్తూ అడిగింది గంగాభవాని.

"సిగ్నల్ లేదక్కా. తాతబ్బాయి పొరబడ్డాడు. పోదాం పద."

దిమ్మలు మోసే కళాసీ నానాజీ నవ్వాడు. "ఏటమ్మా, సూత్తా నిలబడిపోనావు? గిల్లి నోట్లో ఏసుకో. రుసి సూడకుండా ఇక్కడెవులూ కొనరు."

నిజమే. వరసలో ప్రతి దిమ్మ మీదా గోటి గాట్లున్నాయి. ఒక్కదాని మీద లేవు. సరిగ్గా దాని పాటకే దేవిశ్రీ చెయ్యెత్తింది. "ఎంతైనా సరే, నాదే!"

గంగాభవానికి అర్థమైంది: సిగ్నల్ లేదన్నది అబద్ధం. మూడేళ్ళుగా తన కంచంలో తిన్న పిల్ల.

గంగాభవాని వంగి ఆ దిమ్మని వేలికణుపులతో తట్టింది. విశాఖలో వాళ్ళ ఇంట అందరూ ఓడలు కట్టినవాళ్ళే. కొయ్య ఓడల కాలంలో తాత పలకని తట్టేవాడు. నాన్న సన్యాసిరాజు ఇనప రేకుని సుత్తితో కొట్టి, లోపల పగులుందో లేదో చెప్పేవాడు. ఆ చెవి ఆమెకీ వచ్చింది.

దిమ్మ బోలుగా పలికింది.

పక్కటెముకలకి పిస్తోలు ఆనింది. "తీసి ఇవ్వక్కా. బయట కారుంది. మూడు లెక్కపెడతాను. ఒకటి..."

"తాతబ్బాయిని నువ్వేనా?"

"రెండు..."

గంగాభవాని పన్నెండు కిలోల దిమ్మని రెండు చేతులా ఎత్తి, దేవిశ్రీ పాదం మీద వదిలేసింది. కేక. గుండు పైకప్పు రేకులోంచి దూసుకుపోయింది. పగిలిన బెల్లంలో నల్లటి కార్డు. దేవిశ్రీ చెయ్యి చాచేలోపు గంగాభవాని దాన్ని లాగేసుకుంది. నానాజీ కిందపడ్డ పిస్తోలు మీద గోనెసంచి విసిరి, సంచి మీద తనే కూర్చున్నాడు.

దేవిశ్రీని ఎక్కించుకుని పోలీసు జీపు వెళ్ళాక ఫణీంద్ర ఫోన్ చేశాడు.

"శంకర్ ఓడ బయల్దేరింది. శభాష్! కొత్త పార్టనర్ని పంపనా?"

గంగాభవాని పైటతో కళ్ళొత్తుకుంది.

"పంపండి సార్. ఈసారి నాకు నచ్చనివాళ్ళని పంపండి."