ఈత వరకే

విజిల్ మోగింది. కొలనులో నీళ్ళలో నడుస్తున్న పెద్దవాళ్ళంతా ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. ఆగాల్సిన మనిషి మాత్రం ఆగలేదు.

అతను తాడు కిందనుంచి పక్క వరసలోకి దూరి, కప్పలా కాళ్ళు తన్నుకుంటూ సగం కొలను దాటేశాడు. అవతలి గట్టు పట్టుకుని తలెత్తేసరికి కళ్ళ ముందు రెండు రబ్బరు చెప్పులు, వాటిపైన ట్రాక్ ప్యాంటు, మెడలో విజిల్, అన్నిటికంటే పైన చిట్లించిన రెండు కళ్ళు.

"డాక్టర్ గారు మీకేం చెప్పారు?"

"నీళ్ళలో నడవమన్నారు. నడుస్తూ నడుస్తూ కాస్త ఈదాను."

"మోకాలికి పనికిరాని ఈత ఒక్కటే ఉంది. ఏరికోరి దాన్నే ఈదారు. వెనక్కి వెళ్ళండి. తాడు కిందనుంచి కాదు, మెట్లెక్కి."

తడిసిన పిల్లిలా మెట్లెక్కి, గట్టు చుట్టూ కుంటుకుంటూ నడిచి, మళ్ళీ పెద్దవాళ్ళ మధ్యకి దిగాడు. తుంటి ఎముక మార్పించుకున్న రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడ పక్కనే నడుస్తోంది. మా కోచమ్మ దగ్గర వేషాలు కుదరవు నాయనా, నేనే నోరు మూసుకుని నడుస్తున్నానని హితబోధ చేసింది. వయసులో ఉన్నవాడు ఆ వరసలో అతనొక్కడే.

ఇంట్లో అతన్ని బొంగరం అంటారు. ఆ పేరు అక్క పెట్టింది. చిన్నప్పుడు అన్నం తినిపించడానికి గిన్నె పట్టుకుని ఇల్లంతా తిరిగిన మనిషి కాబట్టి ఆ హక్కు ఆవిడదే. పెద్దయ్యాక తిరగడం తగ్గుతుందేమో అనుకుంటే, ఈత, సైకిలు, పరుగు మూడూ ఒకే పొద్దున ఒకదాని వెంట ఒకటి పూర్తి చేసే రేసొకటి ఉంటుందని తెలుసుకుని వచ్చాడు. అక్క నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఆగకుండా తిరిగేవాళ్ళకి పతకాలిచ్చే చోటు కూడా ఉందన్నమాట అంది.

చిన్న రేసులు పూర్తి చేశాడు. వర్షాలు వెనకబట్టాక జరగబోయే పెద్ద రేసుకి పేరిచ్చాడు. ఇక ఒంటిమీద ధ్యాస లేదు. కొంచెం కొంచెంగా పెంచాల్సిన పరుగుని అమాంతం పెంచేశాడు. ఒక రోజు వంతెన దిగుతూ ఉంటే మోకాల్లో ఏదో పటుక్కుమంది. లోపల మెత్తలాంటి పొర చిరిగిందని, ఇప్పుడు బుద్ధిగా ఉంటే దానంతటదే మానుతుందని, లేకపోతే కత్తి పెట్టాల్సిందేనని డాక్టరు చెప్పాడు. పరుగు బంద్. సైకిలు బంద్. నీళ్ళలో నడక మాత్రం చెయ్యొచ్చు.

అక్కడినుంచి ఇంట్లో వాళ్ళకి నరకం మొదలైంది. పళ్ళు తోముకుంటూ వరండా కొలిచేవాడు. టీవీ చూస్తూ చేతులతో గాల్లో ఈదేవాడు. హాల్లో నిలబెట్టిన సైకిలు పెడల్ని చేత్తో తిప్పి, ఆ చప్పుడు వింటూ కూర్చునేవాడు. అరిగిపోతుందేమోనన్నంతగా చైను తుడుస్తుంటే, దాన్ని చూస్తే నాకే జాలేస్తోందిరా, వదిలెయ్ అనేది అక్క. అతను పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. ఫ్రేముకి సరిపడా అద్దాలు అరగదియ్యడం అతని పని. ఆ నెలలో అంచులు విరిగిన అద్దాల బుట్ట నిండిపోయింది. యజమాని బుట్టవైపు చూసి, అతని మోకాలివైపు చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవాడు. అనేస్తే బాగుండునని ఇతనికి అనిపించేది.

రోజూ కొలనులో ముందుకు నడక, వెనక్కి నడక, పక్కకి నడక. గట్టుమీద ఆమె. తల తిప్పినప్పుడల్లా అవే చిట్లించిన కళ్ళు తనమీదే ఉండేవి. ఇంత కోపమేమిటబ్బా, తాడు కింద దూరినందుకే ఇన్నాళ్ళా అనుకునేవాడు. అనుకుంటూనే రోజుకి పదిసార్లు అటే చూసేవాడు. హెడ్‌మిస్ట్రెస్ అన్నీ గమనిస్తూ, మెడ కూడా నొప్పా నాయనా, అస్తమానం అటే తిరుగుతోంది అని అడిగింది.

ఒక సాయంత్రం ఆమె షాపుకి వచ్చింది. చేతిలో కాడ విరిగిన కళ్ళజోడు. గోడమీద ఫ్రేములని చూస్తోంది, సరిగ్గా అలాగే కళ్ళు చిట్లించి. బొంగరం అరగదీస్తున్న అద్దాన్ని పక్కన పెట్టేశాడు. దూరం కనపడనివాళ్ళు ఎలా చూస్తారో పొద్దున లేస్తే అతను చూసేదే. ఆ పనిమీదే బతుకుతున్నాడు. అలాంటివాడు ఆ చూపుని కోపమనుకుని ఇన్నాళ్ళు భయపడ్డాడు.

"మీరు నన్ను కోపంగా చూడట్లేదా?" అనేశాడు.

"మీరసలు నాకు కనపడితే కదా." కొలను దగ్గర జోడు పెట్టుకుంటే ఆవిరి పట్టేస్తుందని చెప్పి, "నా కళ్ళ సంగతి సరే, ముందు మీ బుర్ర చూపించుకోండి" అంది. నవ్వింది. ఆ రోజు అతను ఒక్క అద్దమూ విరగ్గొట్టలేదు.

మర్నాడు ఆమె అతని చేతిలో నీళ్ళలో తేలే ఫోమ్ దిమ్మ ఒకటి పెట్టింది. తొడల మధ్య బిగించి పట్టుకుని, కాళ్ళు కదపకుండా చేతులతోనే ఈదమంది. పెద్ద వరసలో, అందరు ఈతగాళ్ళతో కలిసి. ఆ గట్టునుంచి ఈ గట్టుకి మొదటిసారి వచ్చినప్పుడు అతనికి ఏడుపొచ్చినంత పనైంది. కళ్ళలో నీళ్ళే ఉన్నాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు.

తర్వాత ఒక రోజు ఉరుములతో వాన వచ్చింది. ఉరిమితే కొలను ఖాళీ చెయ్యాలి, అది రూలు. పెద్దవాళ్ళు గదుల్లోకి వెళ్ళిపోయారు. వీళ్ళిద్దరూ రేకుల పంచలో మిగిలారు. వాన చినుకులు కొలనుమీద అల్లరి చేస్తున్నాయి. అతను ఒంటికాలిమీద, ఆపైన రెండో కాలిమీద, మళ్ళీ ఒంటికాలిమీద నిలబడుతున్నాడు.

కాసేపు ఆగితే ఏమవుతుంది మీకు అని ఆమె నిజంగానే అడిగింది. అతనూ నిజమే చెప్పాడు. షాపులో తను అద్దాలరగదీసే మనిషి, ఎవరూ మొహం చూడరు. రేసు రోజున మాత్రం తనూ ఒకడిననిపిస్తుంది. ఆగిపోతే ఆ మనిషి ఉండడేమోనని భయం.

ఆమె వాననే చూస్తూ వాళ్ళ నాన్న సంగతి చెప్పింది. ఆయన మోటారు బళ్ళు రిపేరు చేసేవాడు. గుండెల్లో నొప్పి వస్తోందని తెలిసినా పని ఆపలేదు. ఈ ఒక్క బండి అయ్యాక, ఈ ఒక్క బండి అయ్యాక అంటూనే ఉండేవాడు. ఆమె కాలేజీ చదువంతా ఆస్పత్రి బల్లలమీదే గడిచింది, లోపలున్న మనిషి ఎప్పుడొస్తాడా అని చూస్తూ. చివరిసారి ఆయన రాలేదు.

"ఆగనివాళ్ళని ప్రేమించడం నాకు తెలుసు. అందుకే ఇంకోసారి వద్దనుకున్నా," అంది.

ప్రేమించడం అన్న మాట తన గురించా, కాదా అని అతను రెండు రోజులు తిండి మానేసి ఆలోచించాడు. అక్క ఊరుకోక అడిగితే ఆమె సంగతంతా చెప్పేశాడు. తన గురించే అని తేల్చుకున్నాక పట్టపగ్గాలు లేకుండా పోయాయి. ఆ వారమే డాక్టరు కూడా బాగా మానుతోందన్నాడు. ఇంకేముంది. ఆదివారం పొద్దున్నే, పాలు తెస్తానని అక్కతో చెప్పి, ఫోను కూడా ఇంట్లోనే వదిలేసి, సైకిలు తీసుకుని కొండరోడ్డు ఎక్కేశాడు.

ఆ గంటని అతను జన్మలో మరిచిపోలేడు. గాలి, మలుపులు, తన ఊపిరి. కిందికి దిగి, పాల ప్యాకెట్లు కొనుక్కుని, దొంగలా లోపలికొచ్చి సైకిలు తుడిచి పెట్టాడు. ఎవ్వరికీ తెలియలేదనుకున్నాడు.

చేతికి వాచీ ఉన్న సంగతి మరిచిపోయాడు. సైకిలెక్కి చాలా రోజులైంది కదా మరి. అది ఫోను దగ్గరికి రాగానే, తన పని తాను చేసుకుపోయింది. ఏ రోడ్డు, ఎంత ఎత్తు, ఎంత వేగం, మ్యాపుతో సహా, స్నేహితులంతా చూసే యాప్‌లోకి ఎక్కించేసింది. అతను స్నానం చేసి వచ్చేసరికి తోటి ఈతగాళ్ళూ సైకిలువాళ్ళూ భళా భళా అంటూ బొటనవేళ్ళు చూపించారు. బాతు బొమ్మ పెట్టుకున్న ఖాతా ఒకటుండేది. అతను కొలనులో ఏ కాస్త ఈదినా అందరికంటే ముందు మెచ్చుకునేది. ఎవరో క్లబ్బు కుర్రాడనుకునేవాడు. ఆ బాతు ఈసారి ఒక్క ముక్క రాసింది. "డాక్టర్ గారికి కూడా పంపమంటారా?"

డాక్టరు పేరు చెప్పి బెదిరించే మనిషి అతనికి ఒక్కరే తెలుసు.

మర్నాడు ఆమె తిట్టలేదు. విజిలూ వెయ్యలేదు. తిడితే బతికిపోయేవాడు. మోకాలు లావెక్కి ఉంది, ఆమె దాన్ని చూసింది, చూసి చూపు తిప్పుకుంది. హెడ్‌మిస్ట్రెస్ కూడా ఆ రోజు జోకులెయ్యలేదు. అందరూ వెళ్ళేదాకా అతను గట్టుమీద నిలబడి క్షమించమని అడిగాడు.

"మీ మోకాలు మీది. దానికి నేను కాపలా కాదు."

"మరి ఆ బాతు బొమ్మ?"

ఆమె చెవులదాకా ఎర్రబడింది. ఆ ఖాతా మీ కోసమే తెరిచాను, ఈ రోజే మూసేస్తాను అంది. అతను ఇక దాచుకోలేకపోయాడు. మీరంటే నాకు ప్రాణం అని చెప్పేశాడు.

"నాకూ ఇష్టమే. లేకపోతే ఇంత కోపం ఎందుకొస్తుంది? కానీ మళ్ళీ ఆ బల్లమీద కూర్చోలేను. నా వల్ల కాదు."

డాక్టరు నాలుగు చీవాట్లు పెట్టాడు. మళ్ళీ మొదటినుంచి నడక, ఆపైన దిమ్మతో చేతుల ఈత. చివరికి రేసు దగ్గరపడుతుండగా, రేసులో చేతులతో ఈదడం వరకు ఫరవాలేదన్నాడు. ఒడ్డెక్కాక ఒక్క పెడలు తొక్కినా తన దగ్గరికి రావద్దన్నాడు. ఈత వరకే ఈది ఆగిపోతానని బొంగరం ఆమెకి చెప్పాడు.

"నాకు చెప్పకండి. చూడ్డానికి కూడా రాను," అందామె. రేసు రోజు ఆమెకి చెరువులోనే డ్యూటీ. మునిగేవాళ్ళుంటే పట్టుకోవడానికి పడవమీద ఉండాలి, చివరి ఈతగాడు ఒడ్డు చేరేదాకా. "మీరు ఆగారో లేదో నాకు తెలియను కూడా తెలియదు. మీకు తెలిస్తే చాలు."

రేసు రోజు రానే వచ్చింది. ఇన్నాళ్ళు చేతులతోనే ఈదడం వల్ల భుజాలు ఉక్కులా తయారయ్యాయి. చాలామంది కంటే ముందే ఒడ్డు చేరాడు. మైకులో ఎవరో అతని నంబరు అరిచారు. సైకిళ్ళ వరసదాకా నడుచుకుంటూ వెళ్ళాడు. సైకిలు తెచ్చి నిలబెట్టడం ఎందుకురా అని రాత్రే అక్క అడిగింది. అందరివీ ఉంటాయి కదా అన్నాడు అప్పుడు. ఇప్పుడు దాని ముందు నిలబడ్డాడు. హెల్మెట్ పెట్టుకోకుండా సైకిలు ముట్టుకోకూడదు. చేతులు వాటంతటవే హెల్మెట్ తీశాయి. గడ్డం కింద బకిలు పెట్టేశాయి.

మోకాలు నొప్పి లేదు. అదే వచ్చిన చిక్కు. నొప్పి ఉంటే తేలిగ్గా ఆగేవాడు. ఆమె చూడటం లేదు. అక్క కంచె అవతల నిలబడి ఉంది, నోరు విప్పడం లేదు. పక్కనుంచి ఒకడు, ఇంకొకడు సైకిళ్ళు లాక్కుని పోతున్నారు. సీటుమీద చెయ్యేశాడు. ఈ ఒక్కసారి, ఈ ఒక్క రేసు అయ్యాక అనుకున్నాడు. అనుకున్నాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది. బండి కింద పడుకుని పానా తిప్పుతూ, ఈ ఒక్క బండి అయ్యాక అంటున్న మనిషి కళ్ళకి కట్టాడు. ఆస్పత్రి బల్లమీద కూర్చున్న పిల్ల కూడా కనిపించింది.

బకిలు విప్పాడు. చీలమండకి కట్టిన, రేసు సమయం లెక్కగట్టే చిప్ ఊడదీసి, కుర్చీలో ఉన్న వలంటీరుకి ఇచ్చాడు. దెబ్బ తగిలిందా అని ఆయన కంగారుపడ్డాడు. లేదన్నాడు. మరి ఎందుకు మానేస్తున్నావంటే, ఈత వరకే వచ్చానన్నాడు. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడాయన.

అక్క కంచె సందులోంచి అతని తల నిమిరింది. "పుట్టినప్పట్నుంచీ నిన్ను ఒకచోట కూర్చోబెట్టలేకపోయాం రా. ఆ అమ్మాయిని ఇంటికి తీసుకురా, నేను చూడాలి," అని కళ్ళు తుడుచుకుంది.

బొంగరం ఒడ్డుకి వెళ్ళి గడ్డిమీద కూర్చున్నాడు. గట్టుమీది రోడ్డున సైకిళ్ళు రయ్యిమని పోతున్నాయి. చప్పుడు వినపడ్డప్పుడల్లా సగం లేచి మళ్ళీ కూర్చుంటున్నాడు. గడ్డి పీకాడు. గోళ్ళు కొరికాడు. నీళ్ళలో ఇంకా తలలు కనపడుతున్నాయి, అవతల చిన్నగా ఆమె పడవ. ఇంత కష్టమైన పని తను ఏ రేసులోనూ చెయ్యలేదనుకున్నాడు.

ఆఖరి ఈతగాడు ఒడ్డెక్కాడు. పడవ వచ్చి ఆగింది. ఆమె దిగి, గడ్డిమీద కూర్చున్న మనిషిని దగ్గరికొచ్చేదాకా పోల్చుకోలేదు. పోల్చుకోగానే పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది? మోకాలేనా? నిలబడగలవా?"

అన్నాళ్ళూ పిలిచిన 'మీరు' ఎక్కడికి పోయిందో ఆమెకీ తెలియదు.

"ఏం కాలేదు. బాగుంది."

"బాగుంటే ఇక్కడేం చేస్తున్నావ్?"

"నీ కోసం కూర్చున్నా."

"ఎప్పట్నుంచి?"

"ఒడ్డెక్కినప్పట్నుంచి."

ఆమె మోకాలు చూసింది. చిప్ లేని చీలమండ చూసింది. చుట్టూ కుప్పగా పీకిన గడ్డి చూసింది. అతని పక్కనే కూలబడింది. లైఫ్ జాకెట్ ఇంకా ఒంటిమీదే ఉంది.

"ఇంతవరకు నేనే అందరి కోసం కూర్చున్నాను," అంది. "నా కోసం ఎవరూ ఎప్పుడూ కూర్చోలేదు."

"చాలా కష్టంగా ఉంది," అన్నాడు అతను నిజాయితీగా. "అయినా కూర్చుంటా."

పడవ ఒడ్డుకి లాగాలని ఎవరో ఆమెని పిలుస్తున్నారు. వస్తున్నా, కాసేపాగి వస్తానని కేకేసి, ఆమె అతని చెయ్యి పట్టుకుంది.